మిర్చి రెండోసారి దూరిన సొరంగం

ఈమధ్య మనవాళ్ల పిల్లలు ముగ్గురు వేర్వేరుగా నాకు ఫోన్ చేశారు. అందులో ఒకమ్మాయి డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, కుక్కలకు ఆటలు నేర్పే పనిలోకి వస్తానంటోంది. "అంకుల్, ఎన్ని టైటిల్స్ గెలిస్తే సొంతంగా క్లాసులు పెట్టుకోవచ్చు?" అని అడిగింది. మిగతా ఇద్దరు అడిగిందీ అటూ ఇటుగా అదే. ఇరవై రెండేళ్లు ఆ పనే చేసి, మోకాళ్లు మొరాయించాక మానుకున్నవాణ్ణి. అయినా ఫోన్లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. సర్టిఫికెట్లు ఎక్కడ ఇస్తారు, ఇన్సూరెన్స్ ఎలా తీసుకోవాలి లాంటివి ఇందులో ఉండవు. అవి ఎవరైనా చెబుతారు.

పని దొరికిన తీరు

చీరాలలో నేను డ్రిల్లు మాస్టర్ని. మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్. ఆటల పోటీల్లో మా స్కూలుకు కప్పు రాకపోతే రెండు రోజులు అన్నం సహించేది కాదు. మా ఆవిడ సుగుణ నర్సు. ఆమెకు ఐర్లండ్‌లోని డోనెగాల్ జిల్లా లెటర్‌కెన్నీ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకు నేనూ వచ్చేశాను. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు. నా డ్రిల్లు సర్టిఫికెట్ ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.

రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాక ఒకరోజు సుగుణ డ్యూటీ నుంచి వస్తూ ఒక కబురు తెచ్చింది. వాళ్ల వార్డులో కాలు విరిగి చేరిన పెద్దావిడకు ఊరి బయట కెనెల్స్ ఉందట. జనం సెలవులకు వెళ్తూ తమ కుక్కల్ని వదిలివెళ్లే చోటు అది. ఆవిడ మంచాన పడటంతో అక్కడ చూసుకునే మనిషి లేడట.

"కుక్కల గదులు కడగాలంటండీ. మీరు చేస్తారా?" అంది. అడగలేక అడిగింది.

"పిలకాయల్ని కాసినోణ్ణి, కుక్కల్ని కాయలేనా?" అన్నాను.

ఆ పెద్దావిడ పేరు నూలా. అరవై నిండిన మనిషి. నా భుజం దాకా కూడా రాదు కానీ, గొంతు మాత్రం రెండు పొలాల అవతలికి వినపడుతుంది. మొదటి రోజు నేను "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటే, చంకకర్రల మీద వెనక్కి తిరిగి చూసి, "మేడమా? ఎవరొచ్చారు?" అంది.

"మిమ్మల్నేనండీ."

"నా పేరు నూలా. నీది డేవిడ్ రాజని మీ ఆవిడ చెప్పింది. అంత పేరు కుక్కల మధ్య అరవలేను. డేవీ అంటాను, సరేనా?"

జిల్లా మొత్తానికి తెలిసిన డ్రిల్లు మాస్టర్ ఆ పూట నుంచి డేవీ అయిపోయాడు.

కెనెల్స్ వెనక ఒక పెద్ద రేకుల షెడ్డు. వారంలో కొన్ని రోజులు జనం తమ కుక్కల్ని అక్కడికి తెచ్చి ఆడించేవారు. ఆ ఆటను ఏజిలిటీ అంటారు. కుక్క అడ్డకర్రల మీంచి దూకాలి, గుడ్డ సొరంగంలో దూరి అవతలికి రావాలి, తూగుడుబల్ల ఎక్కి దిగాలి, వరసగా నిలబెట్టిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పోవాలి. మనిషి పక్కన పరిగెడుతూ చేత్తో, మాటతో దారి చెప్పాలి. కుక్కను ముట్టుకోకూడదు. నేను పార పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. ఒక రోజు అలా చూస్తూ చూస్తూ బకెట్టు నింపడానికి విప్పిన కుళాయి కట్టడం మర్చిపోయాను. నీళ్లు షెడ్డులోకి వచ్చేశాయి. నూలా తిట్టలేదు. "నేర్చుకుంటావా?" అని అడిగింది.

నన్ను కుక్కను చేసిన రోజు

మర్నాడు నన్ను దాణా గదిలోకి తీసుకెళ్లింది. ఆమె చేతిలో నొక్కితే టక్కుమనే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది.

"ఇప్పుడు నువ్వు కుక్కవి. నేను మనసులో ఒక పని అనుకున్నాను. అది నువ్వు చెయ్యాలి. సరైన దారిలో ఉంటే టక్కుమంటాను, బిస్కట్ ఇస్తాను. నేను నోరు విప్పను, నువ్వూ విప్పకూడదు."

కిటికీ వైపు నడిచాను. చప్పుడు లేదు. గుమ్మం వైపు నడిచాను. లేదు. మూల ఉన్న ప్రెస్ వైపు తిరగ్గానే టక్! ఇక్కడ అలమరను ప్రెస్ అంటారు. హుషారుగా వెళ్లి దాని తలుపు తీశాను. చప్పుడు లేదు. మూశాను. లేదు. లోపలి గిన్నెలన్నీ తీసి కింద పెట్టాను. లేదు. మళ్లీ సర్దాను. లేదు. నాకు చెమటలు పట్టాయి. ఇంత వయసొచ్చి ఒక అలమర ముందు దద్దమ్మలా నిలబడ్డానే అనిపించింది. విసుగొచ్చి ఆనుకుందామని చెయ్యెత్తి ప్రెస్ పైన పెట్టాను. టక్కు టక్కు టక్కు! అంతే. ఆమె అనుకున్నది ఆ ఒక్క పనే.

"కోపం వచ్చిందా?" అంది నూలా.

"వచ్చింది."

"ఇంకో రెండు నిమిషాలు అలాగే ఉండి, పైగా నేను అరిచుంటే?"

"తలుపు తీసుకుని ఇంటికి పోయేవాణ్ణి."

"కుక్కకి తలుపు తీసుకోవడం రాదు డేవీ. తేడా అదొక్కటే."

ఈ పనిలోకి వచ్చే ప్రతివాళ్లూ కుక్క మెడకు పట్టీ కట్టే ముందు ఈ ఆట ఆడాలి. నేను నా దగ్గరకు వచ్చినవాళ్లందరితో ఆడించాను. ఒక బ్యాంకు మేనేజరు ఏడ్చినంత పని చేశాడు. ఆ తర్వాత ఆయన తన కుక్కను ఎప్పుడూ కసరలేదు.

మిర్చి

ఏడాదిన్నర వయసున్న నల్ల తెలుపు కోలీ కుక్కను ఒక రైతు మాకు ఇచ్చి వెళ్లిపోయాడు. "గొర్రెల్ని తోలమంటే ఇది వాటితో ఆడుకుంటోంది" అన్నాడు. అది కుదురుగా నిలబడేది కాదు. మిర్చి అని పేరు పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

దానికి అన్నీ తెలుగులోనే నేర్పాను. "దూకు", "దూరు", "ఎక్కు", "మెలిక". చిన్న మాటలు, గట్టిగా పలుకుతాయి. మిర్చి పరిగెడుతుంటే చూసి మిగతావాళ్లూ అవే మాటలు పట్టుకున్నారు. డోనెగాల్‌లో పుట్టి డోనెగాల్‌లో పెరిగిన పెద్దమనుషులు వానలో తమ కుక్కల వెంట "దూకు! దూకు!" అని అరుస్తూ పరిగెత్తేవారు. మా చీరాల వాళ్లెవరైనా ఆ దారిన పోతూ వింటే ఏమనుకునేవారో.

పోటీలకు వెళ్లడం మొదలుపెట్టాం. గెలిచాం. ఒక్కో తరగతీ దాటి పై తరగతికి చేరాం. చాంపియన్ అనే టైటిల్‌కు ఇంకొక్క గెలుపు మిగిలింది. అక్కడే నేను చెడిపోయాను.

పెట్టె అడుగున ఉన్న స్టాప్‌వాచ్ బయటికొచ్చింది. ఒకే మలుపు మళ్లీ మళ్లీ చేయించాను. కర్ర పడితే "ఛ!" అని తల పట్టుకునేవాణ్ణి. మిర్చి పరుగు మధ్యలో ఆగి గడ్డి వాసన చూడటం మొదలుపెట్టింది. మొండికేస్తోందనుకున్నాను. మీరైనా గుర్తుపెట్టుకోండి, పని మధ్యలో నేల వాసన చూసే కుక్క చాలాసార్లు మొండికెయ్యదు, కంగారు పడుతుంది. ఏం చేస్తే మన మొహం మామూలుగా ఉంటుందో దానికి తోచదు.

మీథ్‌లో ఒక పోటీకి మూడు గంటలు ప్రయాణం చేసి వెళ్లాం. పరుగు మొదలయ్యే గీత దగ్గర మిర్చిని కూర్చోబెట్టి, ముందుకు నడిచి, తిరిగి "దూకు!" అన్నాను. అది నా వంక చూసింది. లేచింది. తోక దించుకుని మొదటి అడ్డకర్ర పక్కనుంచి నడుచుకుంటూ బయటికి పోయింది. మడతకుర్చీలో కూర్చున్న నూలా కాళ్ల మీది దుప్పటి కిందకు దూరి తల దాచుకుంది.

అంతమంది ముందు నాకు తల కొట్టేసినట్టయింది. "కాలు నొప్పేమో, చూడండి" అన్నాను.

నూలా నాలుగు కాళ్లూ నిదానంగా తడిమి చూసింది. "మిర్చి బాగానే ఉంది. కుంటుతున్నది నువ్వు" అంది.

పడిపోవడం నేర్చుకున్న చలికాలం

వసంతం వచ్చేదాకా పోటీలు వద్దంది నూలా. రోజుకు ఐదు నిమిషాలే ఆట. కుక్క ఇంకా కావాలంటుండగానే ఆపెయ్యాలి. ఇంకో షరతు, ఆ ఐదు నిమిషాల్లో నేను ఒక్కసారైనా నవ్వాలి.

"నవ్వు రాకపోతే?"

"పడిపో. కుక్కలకి అది చాలా ఇష్టం."

నవ్వు రాలేదు. పడ్డాను. షెడ్డులో ఇసక మీద వెల్లకిలా పడిపోతే మిర్చి చెవులు నిక్కించి చూసింది. దగ్గరకొచ్చి మొహం వాసన చూసింది. తర్వాత నా గుండెల మీదికి ఎక్కి అరవడం మొదలుపెట్టింది. ఎన్నో నెలల తర్వాత విన్నాను ఆ అరుపు. అప్పుడు నవ్వొచ్చింది, తెచ్చుకోకుండానే.

ఆ చలికాలమంతా బయట వాన, లోపల మేము. దాగుడుమూతలు ఆడుకున్నాం. వెనక్కి నడిచి బల్ల ఎక్కడం నేర్పాను. ఒక రోజు సొరంగంలోకి అది ఒక పక్క నుంచి, నేను ఇంకో పక్క నుంచి దూరాం. నడుమ కలుసుకున్నాం. నేను ఇరుక్కుపోయాను. అదే సమయానికి సుగుణ అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, ఈ కాళ్లు మీవేనా?" అంది బయట నుంచి.

నేను జవాబు చెప్పేలోపే మిర్చి నా వీపు మీంచి తొక్కుకుంటూ డబ్బా దగ్గరకు వెళ్లిపోయింది.

ఈ పనిలో నాకు దొరికిన అసలు సుఖం ఏమిటో ఆ చలికాలంలో తెలిసింది. కొత్తది నేర్పేటప్పుడు కుక్క తికమకపడుతుంది, అదీ ఇదీ చేసి చూస్తుంది. అలా చేస్తూ చేస్తూ ఒక్కసారిగా ఆగుతుంది. చెవులు ముందుకొస్తాయి. "ఓహో, ఇదా!" అన్నట్టు కళ్లు మెరుస్తాయి. మరుక్షణం అదే పని మళ్లీ చేసి మనవైపు చూస్తుంది. ఇద్దరికీ ఒకేసారి అర్థమవుతుంది. కప్పు అందుకున్నప్పుడు నాకు అలా ఎప్పుడూ అనిపించలేదు.

రెండోసారి

ఆ వేసవిలో క్లోనీ దగ్గర ఒక మైదానంలో మళ్లీ పోటీకి దిగాం. సుగుణ డ్యూటీ మార్చుకుని మొదటిసారి చూడటానికి వచ్చింది. నూలా పక్కన కూర్చుని, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో ఆమెను అడిగి తెలుసుకుంటోంది.

మిర్చి గీత దగ్గరే వణుకుతోంది, సంతోషంతో. "దూకు" అనేసరికి అది గాలిలో ఉంది. అంత వేగంగా అది ఎప్పుడూ పరిగెత్తలేదు. నేను దాని వెనకపడి, చేతులు ఊపుకుంటూ, ఆయాసంతో సగం మాటలే పలుకుతున్నాను. ఒక్క కర్ర పడలేదు. ఒక్క మలుపు తప్పలేదు. సొరంగంలోంచి బయటికొస్తే ఇక రెండు అడ్డకర్రలు, ఆపైన ఆఖరి గీత. సొరంగంలోంచి వచ్చింది. నావైపు చూసింది. గిర్రున వెనక్కి తిరిగి మళ్లీ అదే సొరంగంలోకి దూరిపోయింది.

జడ్జి చేతులెత్తారు. పోటీలోంచి అవుట్. లోపల్నుంచి మిర్చి అరుపులు బాజాలా మోగుతున్నాయి. అవతల బయటపడి, చుట్టూ తిరిగొచ్చి ముచ్చటగా మూడోసారి కూడా దూరింది.

నా చేతులు తల మీదికి పోలేదు. పొట్ట పట్టుకున్నాయి. నవ్వి నవ్వి గడ్డిలో కూర్చుండిపోయాను. మైదానమంతా నవ్వుతోంది. మొహం గంటు పెట్టుకుని ఉండే జడ్జి గారు దగ్గరకొచ్చి, "దానికి బాగా నచ్చినట్టుంది. మీరూ ఒకసారి వెళ్లొస్తారా?" అని అడిగారు.

బయటికి రాగానే సుగుణ ఎదురొచ్చింది. "గెలిచామా?"

"లేదు. పోయింది."

"మరి ఇంతమంది ఎందుకు చప్పట్లు కొడుతున్నారు? నేనూ కొట్టేశాను" అంది. కాసేపు నా మొహంలోకి చూసి, "చీరాలలో కప్పు వచ్చినప్పుడు కూడా మిమ్మల్ని ఇట్టా చూళ్లేదండీ" అంది.

ఆ టైటిల్ మాకు ఎప్పటికీ రాలేదు. నాకు అక్కర్లేదని అబద్ధం చెప్పను. తర్వాత రెండేళ్లూ ప్రయత్నించాం. ఒకసారి ఆఖరి కర్ర పడింది, ఒకసారి నేనే బురదలో జారి పడ్డాను. మనసు చివుక్కుమనేది. దారిలో చిప్స్ కొనుక్కుని ముగ్గురం తినేసరికి తగ్గిపోయేది. పోటీలు చెడ్డవని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. మనం నేర్పింది కొత్త చోట, కొత్త జనం మధ్య నిలుస్తుందో లేదో అక్కడే తెలుస్తుంది. అయితే పోటీలో పరుగు అర నిమిషం. మిగతా ఏడాదంతా షెడ్డులోనే గడుస్తుంది. ఆ ఏడాదిని ఇష్టపడనివాళ్లు ఈ పనిలోకి రావద్దు.

విజయకుమారి గారి గ్రేహౌండ్

కొన్నేళ్లకు నూలా షెడ్డులో క్లాసులు నాకే అప్పగించింది. నా దగ్గరకు వచ్చినవాళ్లలో బాగా ఆడినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఎక్కువ నేర్పింది మాత్రం విజయకుమారి. సుగుణతోపాటు పనిచేసే నర్సు, బాపట్ల ఆవిడ. చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు చేయించుకున్న మనిషి. వాళ్లమ్మాయి బతిమాలి బతిమాలి, పరుగు పందేల నుంచి తప్పించిన ఒక గ్రేహౌండ్‌ను ఇంటికి తెచ్చుకుంది. తర్వాత ఆ పిల్ల చదువుకని గాల్వే వెళ్లిపోయింది. ఇంట్లో మిగిలింది అమ్మ, కుక్క.

మొదటి మంగళవారం ఆవిడ షెడ్డు గేటు బయటే నిలబడింది. పట్టీ ఈ చివర ఆవిడ, ఆ చివర కుక్క. ఇద్దరూ చెరో వైపు చూస్తున్నారు.

"అన్నయ్యా, ఇది నా వంక చూస్తంది" అంది.

"చూడనీ చెల్లెమ్మా. నువ్వు కూడా చూడు."

"అమ్మో! అది ఆరడుగుల దూరంలో ఉంటేనే నాకు ఊపిరాడతంది."

"అయితే ఆరడుగుల దూరం నుంచే నేర్పుదాం" అన్నాను.

నిజంగానే అలాగే నేర్పాం. నాలుగు వారాలు ఆవిడ దూరం నుంచి బిస్కట్ విసిరింది. ఐదో వారం కింద పెట్టింది. ఏడో వారం అరచేతిలో పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, ప్రార్థన చేసుకుంటూ చెయ్యి చాచింది. ఆ కుక్క ఎంత మర్యాదగా తీసుకుందంటే, తీసుకున్నట్టు ఆవిడకు తెలియనే లేదు. "ఇంకా తినలేదా?" అని కళ్లు మూసుకునే అడిగింది. కళ్లు తెరిచాక ఖాళీ చేతిని చూసుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ కుక్కకు పరుగు తప్ప ఏమీ రాదు. కర్రల మధ్య మెలికలు నేర్చుకోవడానికి చలికాలమంతా పట్టింది. కానీ అది నేర్చుకున్న రోజు షెడ్డులో నవ్వులూ కేకలూ ఆగలేదు. నర్సు యూనిఫాం మీద కోటు వేసుకున్న విజయకుమారి, "మెలిక! మెలిక! మా బంగారం, మెలిక!" అంటూ పక్కన పరిగెట్టింది. చివర్న దాని మెడ చుట్టూ రెండు చేతులూ వేసేసింది. వేశాక గుర్తొచ్చింది ఆవిడకు తాను భయపడాలని. అయినా చేతులు తియ్యలేదు.

ఊళ్లో చిన్న పోటీ ఉంది, పేరివ్వమన్నాను.

"పోటీలెందుకన్నయ్యా? నాకు మంగళారం చాలు" అంది. "వార్డులో వారమంతా ఎవరో ఒకరు పోతానే ఉంటారు, నొప్పులు పడతానే ఉంటారు. మంగళారం ఇది మెలిక తిరిగితే నాకు మళ్లీ బలం వస్తది. దానికి మార్కులు వేయించుకోను."

ఆమెను నేను మళ్లీ ఎప్పుడూ అడగలేదు. పదేళ్లు ప్రతి మంగళవారం వచ్చింది.

రెండు తప్పులు

ఆరు నెలల పిల్లకుక్కతో పూర్తి ఎత్తు దూకించమని ఒకాయన పట్టుబట్టాడు. వచ్చే వేసవికి గెలవాలట. ఎముకలు ముదరలేదని చెప్పాను కానీ, మెత్తగా చెప్పాను. ఆయన ఇంటి దగ్గర దూకించాడు. ఆ కుక్క భుజం దెబ్బతిని ఏడాది ఆటకు దూరమైంది. ఆ రోజు నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. కస్టమర్ పోతే పోతాడు. కుక్క తరఫున మాట్లాడే మనిషి ఆ గదిలో మీరొక్కరే.

రెండోది, కొన్నాళ్లు క్లాసులో కుక్కల్నే మెచ్చుకుని మనుషుల్ని సరిదిద్దేవాణ్ణి. నూలా పట్టుకుంది. "వాళ్లకి బిస్కట్లు ఎప్పుడిస్తావు?" అంది. మర్నాటి నుంచి ఒక డబ్బా నిండా చాక్లెట్లు పెట్టాను. నవ్వకండి, బాగా పనిచేసింది.

ఆఖరి గురువారం

నేను మానేసే రోజున మధ్యాహ్నం మూడింటికి నూలా ఇంట్లో టీ పెట్టుకున్నారు. సుగుణ కేకు తెచ్చింది. ఇరవై రెండేళ్లలో నా దగ్గర నేర్చుకున్నవాళ్లు చాలామంది వస్తున్నారు. నేను పొద్దుటి క్లాసు ముగించి, షెడ్డు సర్దుతున్నాను. అప్పుడు ఒకావిడ కారు దిగి, ముసలి స్పానియల్‌ను ఎత్తుకుని లోపలికొచ్చింది.

"క్షమించండి, ముందు ఫోన్ చెయ్యలేదు. దీనికి పదమూడేళ్లు. మా అన్నయ్య కుక్క. ఆయన పోయాక మూలన పడుకుని లేవడం లేదు. మీ దగ్గర ఏమైనా... అంటే, దీనికి మరీ వయసైపోయిందా?"

అడ్డకర్ర ఒకటి తీసి నేల మీద పెట్టాను. ఎత్తు ఏమీ లేదు, వట్టి నేల మీద. "దూకు" అన్నాను మెల్లగా. ముసలిది కర్రను చూసింది, నన్ను చూసింది. ఒక కాలు ఎత్తి అవతల పెట్టింది. తర్వాత రెండోది. నాలుగు కాళ్లూ దాటగానే డబ్బా టక్కుమనిపించి, చేతిలో ఉన్న బిస్కట్ పెట్టాను.

అది నమిలింది. కాసేపు ఆలోచించింది. తనంతట తనే వెనక్కి తిరిగి, కర్ర దాటి, తలెత్తి నావైపు చూసింది. తోక చివర కొంచెం కదిలింది.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బయట కారు హారన్ మోగింది. గుమ్మంలోకి నూలా వచ్చింది. ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని, ఎప్పటి గొంతుతోనే అరిచింది. "డేవీ! అందరూ వచ్చేశారు. నీ కేకు ముందు నువ్వు లేవు!"

"రెండు నిమిషాలు" అన్నాను.

ఆమె ముసలి కుక్కను చూసింది. నేల మీది కర్రను చూసింది. గోడ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

నేను రెండో కర్ర తెచ్చి మొదటిదాని పక్కన పెట్టాను. మేము వెళ్లేసరికి కేకు కోసేశారు, టీ చల్లారిపోయింది. ముసలిది మాత్రం అప్పటికి మూడు కర్రలు దాటింది.